అమావాస్యనాడు తెగని లైను

హిందూపురంలో నాకొక చిన్న కంప్యూటర్ రిపేరు అంగడి ఉంది. మొదట్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆడమనిషిని చూడటానికి వచ్చినవాళ్ళే ఎక్కువ, రిపేరుకు వచ్చినవాళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళలో ఆ వింత పాతబడింది, నేనూ పాతబడ్డాను, నా కోపం మాత్రం కొత్తగానే ఉంది. రెండు మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకటి, "దానంతట అదే పాడైందమ్మా." రెండోది, "దానికేదో గాలి సోకినట్టుండాది." యంత్రానికి గాలి సోకదు నాయనా, దుమ్ము సోకుతుంది, తేమ సోకుతుంది అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ధర్మవరం వెళ్ళొచ్చాక ఆ మాట చెప్పడం కాస్త తగ్గించాను.

నన్ను ధర్మవరం పిలిచింది నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న అమ్మాయి. గోరంట్ల దగ్గర పల్లె. మొగుడితో పొసగక ఆరేళ్ళ కూతుర్ని తీసుకుని బయటికొచ్చేసింది. చేతిలో బొమ్మలు గీసే విద్య ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి దగ్గర డిజైన్ల పనికి నేనే చేర్పించాను. అంచులో హంసలు, కొంగులో మామిడిపిందెలు, అన్నీ కంప్యూటర్ మీద గీస్తుంది. ఆ బొమ్మ నెట్‌వర్క్ మీదుగా ముందుగదిలోని యంత్రానికి పోతుంది, ఆ యంత్రం అట్టలకు రంధ్రాలు కొడుతుంది. ఆ అట్టలను మగ్గం పైన వేలాడదీస్తే ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ రంధ్రాలే చెబుతాయి. అంటే లైను తెగితే ఆమె పని ఆమె గదిలోనే ఉండిపోతుంది.

"అక్కా, మధ్యాహ్నం రెండైతే సాలు, నా కంప్యూటర్ నెట్‌వర్క్‌లో నుంచి పోతాంది," అంది ఫోన్లో. "మిగతా రెండూ బాగుంటాయి. నాదొక్కటే పోతాది. మూడున్నరకు మళ్ళీ వస్తాది."

"దానంతట అదేనా?" అన్నాను, నా గొంతులో వెటకారం దాచుకోకుండా.

"దానంతట అదే అక్కా. నేను ముట్టను కూడా ముట్టను. మూడు నెలల్నుంచి ఇదే పాట. ఇంగొక్కసారి చూపిస్తాడంట మా ఓనరు. ఈసారి కుదరకపోతే ఆ గది ఎత్తేసి డిజైన్లు బెంగళూరులో గీయిస్తాడంట. నన్ను ఇంగ రావద్దంటాడంట." గొంతు తగ్గించింది. "అమావాస్యనాడు మాత్రం పోదక్కా."

"ఏంది?"

"రాసిపెట్టినా. మూడు అమావాస్యలకూ పోలేదు."

అమావాస్యనాడు దెయ్యం తిరుగుతుందని విన్నాను గానీ సెలవు తీసుకుంటుందని ఎక్కడా వినలేదు. పెద్దగా నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ పిల్లకు ఆ ఉద్యోగం తప్ప ఇంకేమీ లేదని గుర్తొచ్చి నేనూ నవ్వడం మానేశాను. ఇంటి బాడుగ, బిడ్డ బడి, అన్నిటికంటే ముఖ్యంగా తిరిగి ఆ మొగుడి గడప తొక్కకుండా ఉండగలిగే ధైర్యం, అన్నీ ఆ కుర్చీ మీదే ఉన్నాయి. చేర్పించింది నేను. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను.

ముందు పెనుకొండలో దిగాను. ఆ ఆఫీసుకు నెట్‌వర్క్ వేసినవాడు అక్కడే బస్టాండు దగ్గర అంగడి పెట్టుకున్నాడు. మంచి పనివాడు, నాకు ఎప్పట్నుంచో తెలుసు. ధర్మవరం అనగానే చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఆడికి పోతాండావా అక్కా? వద్దులే," అన్నాడు. "నేను నెట్‌వర్క్ కార్డు మార్చినా, స్విచ్చి మార్చినా, ఆఖరికి కంప్యూటరే మార్చినా. దాని పక్కన ఒక మగ్గం గది ఉండాది, తాళమేసి పెట్టినారు. మూడోసారి పోయినప్పుడు ఆ తలుపుకాడ నిలబడినా. లోపల ఎవురో ఉండారక్కా."

"చూశావా?"

"చూసేదానికి నాకేం పని? పెండ్లాం బిడ్డలుండారు నాకు."

"వైరు సంగతేంది?"

"వైరు కొత్తదే ఏసినా. దాని మీద నువ్వు అనుమానం పెట్టుకోవద్దు," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. మనిషి కళ్ళు తప్పించినప్పుడే పట్టుకోవాల్సింది. వాడి భయం గురించి ఆలోచిస్తూ ఆ చూపు వదిలేశాను. ధర్మవరం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, కొండ వెనకబడేదాకా వాడి మాటలే చెవిలో తిరిగాయి.

ధర్మవరంలో ఆ వీధి మొత్తం నేతగాళ్ళదే. వీధి మొదట్లో అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు మొదలవుతుంది, చివరిదాకా వదలదు. పది నిమిషాలకు చెవి దాన్ని వినడం మానేస్తుంది. వ్యాపారి ఇల్లు పాతకాలంది. ముందుగదిలో రెండు కంప్యూటర్లు, అట్టలు కొట్టే యంత్రం, ఇద్దరు గుమాస్తాలు. దాని వెనక తాళం వేసిన మగ్గం గది. దాన్ని ఆనుకుని డిజైన్ల గది. ఇంకా వెనక పెరడు, పెరట్లో ఒక చిన్న వసారా, అందులో కండెలకు దారం చుట్టుకుంటూ ఒక ముసలామె, ఓనరు వదినట. ఓనరు కుటుంబంతో మేడ మీద ఉంటాడు.

ఆ అమ్మాయి నాకు తన నోటుపుస్తకం చూపించింది. రోజూ లైను ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టింది. రెండు గంటల ఐదు నిమిషాలు. రెండు పది. రెండు. మూడు చోట్ల మాత్రం ఖాళీ. ఆ ఖాళీల పక్కన ఏమీ రాయలేదు. గోడకున్న క్యాలెండర్‌తో సరిపోల్చి చూశాను. మూడూ అమావాస్యలే. ఏసీ గదిలో లేను, పట్టపగలు, బయట ఎండ మండుతోంది. అయినా మోచేతుల మీద వెంట్రుకలు లేచాయి.

ఓనరు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, నెమ్మది మనిషి. నేను ఊహించుకున్న కటిక మొహం కాదు.

"నీకొకటి చెప్పల్లమ్మా," అన్నాడు కుర్చీ లాక్కుని. "ఆ గదిలో మగ్గం మా అన్నది. ఆయప్ప పోయి నాలుగు నెలలాయ. నేను చీరలు అమ్మేవాణ్ణి, ఆయప్ప నేసేవాడు. కంప్యూటర్ డిజైను అంటే ఆయప్పకు సరిపోయేది కాదు. గళ్ళకాగితం మీద పెన్సిలుతో గీసుకునేవాడు. ఆయప్ప ఉన్నన్ని దినాలూ ఈ గది పెట్టలేకపోతి. ఆయప్ప పోయిన నెల దినాలకు పెట్టినా. తప్పు చేసినా."

"సార్, అదీ ఇదీ కలపొద్దు..."

"నేను కలపల్యా. అదే కలిసినాది. రెండు నుంచి మూడున్నర, ఆయప్ప అన్నం తిని మగ్గం ఎక్కే టైము. అమావాస్యనాడు ఎక్కడు. ఈ వీధిలో ఎవురూ ఎక్కరు, అది మా కట్టుబాటు. నీ కంప్యూటరు కూడా ఆ దినమే బాగుంటాది. ఇంగేం చెప్పల్ల నీకు?"

ఆ అమ్మాయి తల వంచుకుని కీబోర్డు మీది దుమ్ము తుడుస్తోంది.

"ఆయప్ప పోయిననాడు మగ్గం మీద ముహూర్తం చీర ఉండె," అన్నాడు మళ్ళీ. "అంచులో ఒక నెమలి మెడకాడ నిలిచిపోయినాది. నేను ముట్టల్యా, ఎవుర్నీ ముట్టనియ్యల్యా. తీగె ఏసినోనికి ఒక పూట తెరిచినా, మళ్ళీ తాళమేసినా. పాప మంచిదే, పని వచ్చు. కానీ మా అన్న ఒప్పుకోకపోతే నేనేం చేసేది? ఈ పొద్దు చూడు. కాకపోతే రేపట్నుంచి పాపను రావద్దంటా." ఇదంతా కోపంతో చెప్పలేదు, బాధగా చెప్పాడు. కోపంతో చెప్పి ఉంటే నేను పోట్లాడేదాన్ని.

ఒంటిగంటన్నరకు గుమాస్తాలు భోజనానికి ఇళ్ళకు వెళ్ళారు. ఓనరు మేడ మీదికి వెళ్ళాడు. తిని ఒక కునుకు తీసి మూడున్నరకు గానీ దిగడట. నేను స్విచ్ ముందు నేల మీద కూర్చున్నాను. స్విచ్ అంటే మూడు కంప్యూటర్ల తీగలూ వచ్చి కలిసే చిన్న పెట్టె. ఒక్కో తీగకూ ఒక పచ్చదీపం. డిజైన్ గది దీపం మిగతా రెండింటిలాగే బుద్ధిగా మినుకుమంటోంది.

రెండు గంటల ఏడు నిమిషాలకు అది ఆరిపోయింది.

"పోయిందక్కా," అని లోపల్నుంచి ఆ అమ్మాయి గొంతు.

నేను కదల్లేదు. నాలుగు నిమిషాలు చీకటి. తర్వాత దీపం వెలిగింది, అర నిమిషం ఉంది, మళ్ళీ ఆరింది. ఈసారి ఐదు నిమిషాలు. వెలిగింది. ఆరింది. ఇరవై ఏళ్ళుగా పాడైన యంత్రాలను చూస్తున్నాను. పాడైన వస్తువు ఇట్లా పాడవదు. పోతే పోతుంది, లేకపోతే ఒక పద్ధతీ పాడూ లేకుండా వచ్చిపోతుంటుంది. ఇది పద్ధతిగా ఉంది. ఎవరో కాసేపు ఒక పని చేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చేస్తున్నట్టుంది.

లేచి తాళం వేసిన తలుపు దగ్గరికి వెళ్ళాను. తాళం మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. చెవి ఆనించి విన్నాను. వీధి వీధంతా మగ్గాలు ఆడుతుంటే ఒక గదిలో చప్పుడు ఉందో లేదో ఎవరు చెప్పగలరు? అప్పుడు అరచెయ్యి తలుపుకు ఆనించాను.

చెక్క అదురుతోంది. ఒక దెబ్బ. ఒక దెబ్బ. మళ్ళీ ఒక దెబ్బ.

అదురు ఆగింది. "వచ్చిందక్కా," అంది లోపల్నుంచి ఆ అమ్మాయి. అరచేతి కింద చెక్క ఊరికే ఉంది, చల్లగా. ఎంతసేపున్నానో తెలియదు. మళ్ళీ దెబ్బ పడింది. "పోయిందక్కా." ఆమెకు నా చెయ్యి కనిపించదు, నాకు ఆమె తెర కనిపించదు. అయినా మేమిద్దరం ఒకటే మాట చెబుతున్నాం. అరచెయ్యి వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకున్నాను. భయం వేసింది. దాచుకోవడానికేమీ లేదు. పెనుకొండవాణ్ణి పిరికివాడని బస్సులో తిట్టుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

వెళ్ళిపోవచ్చు. నా బస్సు, నా ఊరు, నా అంగడి. కానీ నేను వెళ్ళిపోతే రేపట్నుంచి ఆ పిల్ల వెళ్ళిపోవాలి. ఆ మాట నాకు నేనే రెండుసార్లు చెప్పుకుని పెరట్లోకి నడిచాను.

మగ్గం గదికి పెరటి వైపు ఇంకో తలుపు ఉంది. పాతకాలపు చెక్కతలుపు, లోపల అడ్డగడియ. రెండు రెక్కల మధ్య సందు ఉంది, సన్నటి కత్తి దూరేంత. నేను చూసేసరికి గడియ వేసి లేదు, రెక్కలు దగ్గరగా లాగి ఉన్నాయి. సందులోంచి చూశాను. మొదట చీకటి. తర్వాత మగ్గం గుంతలో నడుముదాకా దిగి కూర్చున్న ఒక మనిషి వీపు, భుజం మీద మగవాళ్ళ తుండుగుడ్డ, తెల్లటి తల. పోగు మోసే నాడె అటు నుంచి ఇటు జారింది, చట్రం ముందుకొచ్చి పోగును కొట్టింది, పైన అట్టల్ని తిప్పే జాకార్డ్ పెట్టె, నిలువు కొయ్యలు అన్నీ ఒక్కసారి అదిరాయి.

తల ఇటు తిరిగింది. ముసలామె. ముక్కుకు పుడక లేదు, చేతులకు గాజులు లేవు. పెరటి వసారాలో పొద్దున కండెలు చుడుతూ కూర్చున్న ఓనరు వదిన.

"చూసింది సాలుగానీ లోపలికి రా తల్లీ," అంది. "తలుపు దగ్గరగా ఎయ్. ఎలుతురు పడతాది."

లోపలికి వెళ్ళి గోడకు చేరబడ్డాను. "నువ్వా పెద్దమ్మా?"

"ఇంగెవురనుకుంటివి?" అంది. ఆమె చేతులు ఆగలేదు. "మూడు మూర్లుండాది. రోజూ మర్ది నిద్రపోయే యాళకు ఇంత ఇంత నేస్తాండా. పౌర్ణమికి దించేస్తా. ఎవురికీ చెప్పొద్దు."

"నీ మొగుడి మగ్గం, నీ మొగుడి చీర. దొంగతనంగా ఎందుకు?"

ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఇది పెండ్లి చీర తల్లీ. మొగుడు పోయిన ఆడది ముట్టిన చీర ఏ పెండ్లికూతురు కడతాది? తెలిస్తే మర్ది ఇంగ నన్ను ఈ గడప తొక్కనియ్యడు." ఒక పోగు తెగితే వేళ్ళతో తడిమి ముడివేసింది. "చీర సగంలో ఇడిసిపోయినోడు గడప దాటలేడని మా అత్త చెప్పేది. నేను నమ్మల్యా. కానీ ఊరికే కూసుంటే ఆయప్ప ఈడనే తిరుగుతాన్నట్టు ఉంటాది. నేస్తాంటే లేదు."

అమావాస్యనాడు ఎందుకు రాదో అడగనక్కర్లేదు. దొంగతనంగా నేసినా కట్టుబాటు కట్టుబాటే. తలెత్తి చూశాను. మగ్గం అవతలి నిలువు కొయ్యకు, నా చేతికి అందనంత ఎత్తున, నల్లటేపుతో కట్టిన నీలం తీగ కనిపించింది. మధ్యలో ఒక జాయింటు. పెనుకొండవాడికి తీగ చాల్లేదు. చాల్లేదని చెప్పడానికి నామోషీ. రెండు ముక్కలు కలిపి, ఆగిపోయిన మగ్గమే కదా అని దాని కొయ్యకే కట్టేశాడు. చట్రం దెబ్బ పడినప్పుడల్లా జాయింటు కదులుతోంది, లైను తెగుతోంది. ఆమె ముడివేయడానికి ఆగినప్పుడు అతుక్కుంటోంది. పగలబడి నవ్వాలనిపించింది. దెయ్యం లేదు, గాలి లేదు, ఒక చవక జాయింటు ఉంది!

"నేనెవరికీ చెప్పను పెద్దమ్మా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అంతలో మేడమెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. నేను వచ్చానని ఆ రోజు ఓనరు తొందరగా లేచాడు. ఆమె గుంతలోంచి చేతుల మీద బలం పెట్టి లేచి, తుండుగుడ్డ తీసి కొయ్యకు తగిలించి, నన్ను ముందుకు తోసి, తానూ బయటికొచ్చి తలుపు లాగింది. నేను చుట్టూ తిరిగి ముందుగదికి వచ్చేసరికి ఆయన స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, తేలిందా?"

"తీగలో ఉంది సార్ తప్పు. మార్చేస్తాను."

"మార్చినాం మార్చినాం అన్నోళ్ళే అందరూ. యాడుందో నాకు చూపించు," అన్నాడు. బయటగోడ మీదుగా కొత్త తీగ లాగుతాను, రేపటికి చూసుకోండి అని ఉంటే సరిపోయేది. కానీ ఒక మొగవాడు నా పనిని అనుమానిస్తే చూపించేదాకా నాకు అన్నం అరగదు. చూపిస్తాను పదండి అన్నాను. ఆయన మొలలోంచి తాళంచెవి తీశాడు.

తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళగానే నా వేలు ఆ జాయింటు వైపే లేచింది. "అదిగో సార్. మగ్గం అదిరినప్పుడల్లా అది వదులైపోతోంది," అన్నాను గర్వంగా. మాట నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

"మగ్గం అదిరినప్పుడా?" అన్నాడు.

ఆయన మగ్గం వైపు తిరిగాడు. దగ్గరికి వెళ్ళి వంగి అంచు చూశాడు. మెడ దగ్గర ఆగిన నెమలి అక్కడ లేదు. అది నిండుగా తయారై ఎప్పుడో బట్టతోపాటు లోపలికి చుట్టుకుపోయింది. దాని వెనక ఇంకెన్నో నెమళ్ళు వచ్చి పోయాయి. ఇప్పుడు అక్కడ ఉన్నది కొంగు. ఆయన చెయ్యి బట్ట మీద ఆగిపోయింది. కొయ్యకు వేలాడుతున్న తుండుగుడ్డ చూశాడు. అది ఇంకా కొంచెం ఊగుతోంది.

"అన్నా," అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతు. అక్కడే నేల మీద కూలబడి మగ్గానికి చేతులు జోడించాడు.

ఆ గదిలో ఏం జరిగిందో అన్నీ తెలిసిన దాన్ని నేను. అయినా ఆ క్షణంలో నాకు కూడా ఆ గుంతలో ఎవరో కూర్చున్నట్టే అనిపించింది. ఆ అమ్మాయి గడపలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన లేచి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "చూసినావు కదా పాపా. ఆయప్ప పనికి నీ కంప్యూటరు అడ్డమొస్తాంది, నీ పనికి ఆయప్ప అడ్డమొస్తాండాడు. రేపట్నుంచి రావద్దులే. ఈ తీగె కూడా పీకేస్తా."

"అక్కా," అంది ఆ పిల్ల. అంతే. నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి చెబుతాననీ, కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదనీ ఆ చూపు.

నిజం చెబితే ఈమె ఉద్యోగం ఉంటుంది, ఆ ముసలామె చీర పోతుంది. చెప్పకపోతే చీర ఉంటుంది, ఈమె పోతుంది. నా బుర్ర ఆ రెండింటి మధ్యే తిరిగింది. చేతిలో టెస్టర్ పట్టుకుని, నోరు మూసుకుని, స్తంభంలా నిలబడ్డాను. ఎంతసేపు? నాకు చాలాసేపే అనిపించింది. మాటలకు ఎప్పుడూ కరువు లేని మనిషిని, ఆ రోజు ఒక్క మాట రాలేదు.

పెరటి తలుపు తెరుచుకుంది.

"పాపను యాల పంపిస్తావు నాయనా," అంది ముసలామె. "మీ అన్న కాదు. నేను. నేనే నేస్తాండా."

ఓనరు ఆమెను చూశాడు, మగ్గాన్ని చూశాడు. "ముహూర్తం చీర వదినా అది," అన్నాడు చివరికి. "ఎన్ని దినాల్నుంచి?"

"పెద్దదినం అయిన మూడోనాటి నుంచి. ఆ మాటకొస్తే మీ అన్నకు కండ్లు మసకబడి ఎన్నేండ్లాయ? నువ్వు అమ్మిన చీరల్లో సగం ఎవురు నేసినవనుకుంటివి? అప్పుడు మంచివే కదా ఈ చేతులు." గొంతు పెంచలేదు. సాయంత్రం కూర ఏమి వండాలో చెబుతున్నట్టే చెప్పింది. "పాపకు బిడ్డుండాది. ఉండనీ."

ఆయన పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ వేశాడు. మేము బయటికొచ్చాక ముందు తలుపుకు తాళం వేశాడు. "తీగె బయటగోడ మీద లాగమ్మా," అన్నాడు నాతో. ఆ అమ్మాయితో, "నువ్వు పోయి పని చూసుకో," అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా మేడ ఎక్కేశాడు.

తీగ లాగడానికి గంట పట్టింది. పెరటి గోడ మీద మేకులు కొడుతుంటే ఆమె వసారాలో కూర్చుని కండెలు చుడుతోంది. తల ఎత్తలేదు. పెద్దమ్మా అని పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ తర్వాత ఆ లైను ఒక్కసారి కూడా తెగలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. ఆమె ఉద్యోగాన్ని నేనే నిలబెట్టానని గోరంట్లలో వాళ్ళమ్మ నలుగురికీ చెప్పుకుందట.

రెండు నెలల తర్వాత ముందుగదిలో ప్రింటర్ పని ఉందని పిలిస్తే మళ్ళీ వెళ్ళాను. పని అయ్యాక పెరట్లోకి వెళ్ళాను. వెళ్ళకుండా వచ్చేయాలనే అనుకున్నాను, కాళ్ళు వినలేదు. ఆమె అదే చోట, అదే పనిలో ఉంది. చీర ఏమైందని అడిగాను.

"మిగిలిన మూడు మూర్లూ వేరే ఆయప్పతో నేయించినారు. అమ్ముడుపోయినాదిలే," అంది. "మా అన్న చేతి ఆఖరు చీర అని చెప్పి అమ్మినాడు మర్ది. సంతోషంగా తీసుకుపోయినారంట."

"నా మీద కోపం ఉందా పెద్దమ్మా? ఆ రోజు నేను జాయింటు చూపించకుండా ఉండుంటే..."

"చూపిస్తివి, సరే. నోరు జారతాది ఎవురికైనా." కండె నిండింది, తీసి గంపలో వేసి ఇంకోటి ఎక్కించింది. "అప్పుడు నేను పెరటి తలుపు సందుకాడనే నిలబడింటి తల్లీ. వాళ్ళన్నే నేస్తాన్నాడని మర్ది నమ్మేసినాడు. ఇంగ ఆ చీర జోలికి ఎవురూ పోరు. నువ్వు ఒక్క మాట అంటే సరిపోతాండె. మగ్గం కాదు సార్, నేను తప్పు చూసినా, తీగెను ఎలక కొరికినాది అని. పాపా ఉంటాండె, నేనూ నేసుకుంటాంటి."

అంత చిన్న అబద్ధం. రోజుకు పదిసార్లు అంగట్లో చెప్పే అబద్ధం. ఆ రోజు ఆ గదిలో నిజాన్ని తూకం వేస్తూ నిలబడిన నాకు అది తట్టనే లేదు.

"అంటావేమోనని సానాసేపు చూసినా," అంది, కండె తిప్పుతూ. "నువ్వు అనలేదు. అందుకే నేను రావల్సొచ్చె."